సైకిలు బాటసారి సంచిలో ఉండవలసిన పనిముట్టు



ఇంటి ముంగిట చెడిన సైకిలు ఒక చిన్న పని మాత్రమే. ఊరికి పది కిలోమీటరుల దూరమున, ఇరువైపుల వరిచేలు తప్ప మరేమియు లేని రోడ్డు మీద, పొద్దు వాలుచున్న వేళ చెడిన సైకిలు పని కాదు, ఆపద. పాలక్యానులు తగిలించుకొని పట్నమునకు పోవువానికి ఆ దినపు పాలు విరిగిపోవును. ఉన్నత పాఠశాల నుండి వచ్చు బాలికకు దారిలోనే చీకటి పడును. ఇంటివద్ద తల్లి గడపలో నిలుచుండి ఎదురు చూచును. మరునాడు “ఇక ఆ సైకిలు వద్దు, ఆ దూరపు బడి వద్దు” అను మాట ఆ యింట వినబడినను ఆశ్చర్యపడ నక్కరలేదు. సీటు క్రిందనో, హ్యాండిలు మెడ వద్దనో వదులైన ఒక్క బోల్టు ఇంతటి పని చేయగలదు.

ఒకప్పుడు కూడలికొక సైకిలు షాపు ఉండెడిది. నీళ్ళ తొట్టి, గాలిపంపు, నూనె మరకలు పట్టిన చెక్కపెట్టె, అద్దెకు నాలుగు సైకిళ్ళు - ఇదియే దాని సరంజామా. మోటారు సైకిళ్ళు పెరిగిన పిమ్మట అట్టి షాపులు అనేకము మూతపడెను. మిగిలినవానిలో కొన్ని మోటారు బండ్ల పంచర్లతోనే కాలము వెళ్ళబుచ్చుచున్నవి. కావున సైకిలు నెక్కువాడు తన మెకానిక్కును తన జేబులోనే పెట్టుకొని పోవలసిన దినములు వచ్చినవి. బజారులో మల్టీటూలు అను పేర అమ్మబడు మడత పనిముట్టు ఇందులకే పుట్టినది. అది పిడికిలిలో ఇముడును, జేబుకత్తివలె మడతపడును. సామాన్యముగా 100 మొదలు 200 గ్రాముల వరకు తూగును. అందు ఐదు మొదలు ఇరువది పైచిలుకు వరకు సాధనములు అమరియుండును. వీనిలో దేనిని కొనవలెను అనునదియే ఈ ప్రసంగ విషయము.

దుకాణమున అడిగినచో అమ్మువాడు మొదట చెప్పునది సంఖ్య. ఇది పది పనులకు, అది ఇరువది పనులకు అని. సంఖ్య పెరిగినకొలది ధర పెరుగును; కొనువాని కన్ను కూడ సంఖ్యవైపే పోవును. కాని ఆ ఇరువదిలో సోడాసీసా మూత తీయు కొక్కెమును కూడ ఒకటిగా లెక్కించుట కద్దు. కొనువాడు అడుగవలసిన ప్రశ్న వేరు: ఇందులో ఏ సాధనము, తన సైకిలులోని ఏ బోల్టునకు పట్టును? ఈ ప్రశ్నకు సమాధానము దుకాణములో దొరకదు. ఇంటివద్ద గోడకు చేరవేసియున్న సైకిలులో దొరకును.

నేటి పల్లెలో రెండు జాతుల సైకిళ్ళు కలవు. మొదటిది నల్లని పాతకాలపు సైకిలు. 1949లో మద్రాసున నెలకొల్పబడిన టి.ఐ. సైకిల్సు, 1951లో సోనేపత్‌లో మొదలైన అట్లాసు, 1956లో లుధియానాలో మొదలైన హీరో మున్నగు సంస్థలు ఇంగ్లీషు నమూనాను అనుసరించి లక్షలాదిగా తయారు చేసినది ఈ సైకిలునే. ధాన్యపు బస్తాను మోసినది, పెండ్లికూతురిని క్యారియరు మీద అత్తవారింటికి చేర్చినది కూడ ఇదియే. దీని నట్లన్నియు ఆరు పలకలు గలవై బయటికే కనబడుచుండును. వానిని పట్టుటకు పానా కావలెను. రెండు కొనలయందును గుండ్రని తలలు గలిగి, వేరువేరు కొలతల రంధ్రములు గల ఒక చవుకబారు ఇనుప పానా ఈ సైకిలుతో పాటు తరతరములుగా తిరుగుచున్నది. సూక్ష్మముగా చూచినచో అదియే పల్లెకు తెలిసిన మొదటి మల్టీటూలు. దానికి అందము లేదు, మడతయు లేదు. ఐనను తన సైకిలుకు అది సరిపోవును.

రెండవది గేర్లు గల క్రొత్త సైకిలు. దీని బోల్టులలో అధికభాగమునకు పలకలు లోపల ఉండును; తలలో ఆరు మూలల గుంట ఉండి, అందు దూర్చి త్రిప్పు ఎల్ ఆకారపు కడ్డీని కోరును. దీనినే ఆలెన్ కీ అందురు. ఈ పేరు అమెరికాలోని హార్టుఫర్డు నగరమున 1910లో ఇట్టి మరలను చేయు విధానమునకు పేటెంటు పొందిన విలియం ఆలెన్ నుండి వచ్చినది. ఆ దినములలో యంత్రములపై పొడుచుకొని వచ్చిన బోల్టు తలలు కార్మికుల బట్టలను పట్టి లాగి ప్రాణాపాయము కలిగించుచుండెను. తలను లోపలికి దాచిన మర అందులకు విరుగుడైనది. కర్మాగారములో మనిషిని కాపాడుటకు పుట్టిన ఆ గుంట నేడు సైకిలు హ్యాండిలు మీదికి చేరినది.

ఈ రెండు జాతులకును పొత్తు కుదరదు. తండ్రి సైకిలుతో వచ్చిన పానా కుమారుని సైకిలు మీద ఏడెనిమిది చోట్ల అక్కరకు రాదు. కుమారుడు పట్నమున కొనితెచ్చిన మెరుగైన మడత పనిముట్టులోని ఆలెన్ కీలలో ఒక్కటియు తండ్రి సైకిలుకు దూరదు. ఒకే ఇంట రెండు సైకిళ్ళున్నప్పుడు ఒకే పనిముట్టుతో సరిపుచ్చ జూచుటయే తరచుగా జరుగు పొరపాటు. పాత సైకిలు నెక్కువారు ఖరీదైన మల్టీటూలుకై ఆశపడనే వద్దు. ఆ రంధ్రముల పానా, ఒక స్క్రూడ్రైవరు, చిన్న కటింగు ప్లయరు - ఇవి చాలును. ఇకమీద చెప్పబోవునది ముఖ్యముగా క్రొత్త సైకిలును గురించియే.

క్రొత్త సైకిలు గలవారు ఒక సాయంకాలము కాగితము, పెన్సిలు తీసికొని సైకిలు ప్రక్కన కూర్చుండవలెను. పొరుగింటి నుండియో, తెలిసిన మెకానిక్కు వద్దనుండియో ఒక ఆలెన్ కీల కట్టను ఎరువు తెచ్చుకొనవలెను. ముందు చక్రము మొదలు వెనుక చక్రము వరకు కనబడిన ప్రతి బోల్టులోను కీని దూర్చి చూచి, వదులులేక సరిపోయిన దాని కొలతను వ్రాసికొనవలెను. నీళ్ళసీసా పంజరమునకు సామాన్యముగా 4 మిల్లీమీటరులు. హ్యాండిలు మెడకు 4, 5 లేదా 6. సీటుకు 5 లేదా 6. బ్రేకు తీగను బిగించు మరకు 5. గేరు మార్చు పరికరము మీద ఉండు చిన్న మరలు తరచుగా ప్లస్ గుర్తు గల స్క్రూడ్రైవరును కోరును. చక్రము మధ్య ఇనుప పళ్ళెముతో పనిచేయు డిస్కు బ్రేకు ఉన్నచో, ఆ పళ్ళెమును పట్టియుంచు ఆరు మరలు చాలవరకు నక్షత్రాకారపు గుంట గలవై ఉండును. ఇది 1967లో అమెరికాలో వెలువడిన టార్క్స్ అను పద్ధతి. సైకిలుకు కావలసిన దాని కొలత పేరు టి-25. ఇన్ని వ్రాసిన పిదప చూచినచో కాగితము మీద మిగులునవి ఐదారు కొలతలే. 4, 5, 6, ఒక ప్లస్ స్క్రూడ్రైవరు, ఒక మైనస్ స్క్రూడ్రైవరు, అవసరమున్నచో ఒక టి-25. ఆ కాగితమే దుకాణమునకు తీసికొని పోవలసిన చీటీ.

ఆ చీటీలో కొనువారు తరచు మరచిపోవునది ఒకటి కలదు. తక్కువ ధర గల గేరు సైకిళ్ళలో చక్రములు మీటతో ఊడివచ్చునవి కావు, నట్లతో బిగింపబడినవి. ఆ నట్టు తరచు 15 మిల్లీమీటరుల కొలత గలది. మడత పనిముట్లలో ఎన్ని సాధనములున్నను 15 మిల్లీమీటరుల పానా ఉండుట అరుదు. ఇరువది సాధనములను జేబులో పెట్టుకొనియు చక్రమును ఊడదీయ లేక రోడ్డు ప్రక్కన కూర్చుండు దురవస్థ దీనివలననే కలుగును. ఇట్టి సైకిలు గలవారు మడత పనిముట్టుతో పాటు ఆ ఒక్క కొలత గల పానాను విడిగా కొని సంచిలో వేసికొనవలెను. ఐతే పల్లెటూరి మెకానిక్కుకు తెలిసిన ఉపాయమొకటి ఇచట గుర్తుంచుకొనదగినది. పంచరు వేయుటకు చక్రమును ఊడదీయ నక్కరలేదు. టైరును ఒక ప్రక్కన మాత్రము రిమ్ము నుండి తప్పించి, ట్యూబును బయటికి లాగి, చక్రము సైకిలుకు ఉండగనే అతుకు వేయవచ్చును. పట్నవాసపు సైకిలిస్టులు దీనిని ఏల నేర్చుకొనరో తెలియదు.

దారిలో తన మరమ్మతు తానే చేసికొనవలెనను నియమమునకు సైకిలు పందెముల చరిత్రలో ఒక ప్రసిద్ధ కథ కలదు. 1913లో ఫ్రాన్సు దేశపు టూర్ ద ఫ్రాన్స్ పందెములో యూజెన్ క్రిస్తోఫ్ అను రౌతు పిరనీ పర్వతములలోని తూర్మలే కనుమ దిగుచుండగా సైకిలు ముందు ఫోర్కు విరిగినది. ఆ దినములలో పందెగాడు ఎవరి సహాయమును పొందరాదు. అతడు సైకిలును మోసికొని పది కిలోమీటరులకు పైగా నడచి, సెంట్ మారీ ద కాంపాన్ అను పల్లె చేరి, అచటి కమ్మరి కొలిమిలో స్వయముగా ఇనుము కాల్చి ఫోర్కును అతికెను. పందెపు అధికారులు చుట్టును నిలిచి చూచుచుండిరి. ఇంతయు చేసినను, కొలిమితిత్తి ఊదుటకు ఒక బాలుడు చేయి కలిపెనను నేరమునకు పది నిమిషముల దండన విధించిరి. అటు పిమ్మట దానిని మూడు నిమిషములకు తగ్గించిరి. ఆ మరమ్మతులో గంటలు పోగొట్టుకొనియు అతడు ఆ యేడు పారిసు చేరి, మొత్తము మీద ఏడవవాడుగా నిలిచెను.

ఈ కథను ధైర్యమునకు తార్కాణముగా చెప్పుట వాడుక. పనిముట్టును ఎంచుకొనువానికి ఇందు వేరొక విశేషము కనబడును. విరిగిన ఫోర్కును ఏ జేబు సాధనమును అతుకలేదు. అందులకు కొలిమియే కావలెను. ఏయే ఆపదలు జేబులోని సాధనమునకు లొంగును, ఏవి లొంగవు అని ముందే విడదీసికొనవలెను. వదులైన హ్యాండిలు, జారిన సీటు, తప్పిన బ్రేకు తీగ, సరిపడని గేరు, తెగిన చైను - ఇవి లొంగును. విరిగిన ఫోర్కు, వంగిన రిమ్ము, పగిలిన ఇరుసు లొంగవు. లొంగనివానికొరకు బరువు మోయుట వ్యర్థము.

నేడును ఇట్టి స్వావలంబన నియమముతో సైకిలు ప్రయాణములు జరుగుచున్నవి. పందెము కాక, గడువులోపల దూరమును ముగించుటయే లక్ష్యముగా గల బ్రెవే అను సవారీలు హైదరాబాదు నుండి కూడ నడచుచున్నవి. 200 కిలోమీటరులకు పదమూడున్నర గంటలు, 300 కిలోమీటరులకు ఇరువది గంటలు గడువు. నిర్ణీతమైన తనిఖీ స్థలములందు తప్ప దారిలో వెంట వచ్చు వాహనము నుండి సహాయము పొందరాదు. 1891లో మొదలైన పారిసు - బ్రెస్టు - పారిసు యాత్ర ఈ సంప్రదాయమునకు మూలము. 1200 కిలోమీటరుల ఆ యాత్ర నాలుగేండ్ల కొకమారు నడచుచు, 2023లో కూడ జరిగినది. ఇట్టివారి సంచులలో కనబడునది పెద్ద పెట్టె కాదు. తమ సైకిలుకు సరిపడు ఒక చిన్న మడత పనిముట్టు, పంచరు సామగ్రి, చైను లంకె.

చైను విషయము కొంత విడమరచి చెప్పవలసియున్నది. గేరు లేని పాత సైకిలు చైనులో ఒక లంకెకు చిన్న క్లిప్పు ఉండును. స్క్రూడ్రైవరుతోనో, ప్లయరుతోనో ఆ క్లిప్పును తీసి చైనును విప్పవచ్చును. మరల పెట్టునప్పుడు క్లిప్పుయొక్క మూసియున్న కొన చైను సాగు దిక్కునకు ఉండవలెను. గేరు చైనుకు ఇట్టి క్లిప్పు ఉండదు. అది తెగినచో చెడిన లంకె పిన్నును మరతో నెట్టి తీయు చైను తోపు కావలెను. మడత పనిముట్లలో పెద్దవానియందు ఇది అమరియుండును. దూరపు సవారీ చేయువారికి చైను తోపు గల పనిముట్టే తగినది; బడికి, బజారుకు మాత్రము పోవువారికి దానివలన బరువే లాభము. ఐతే తోపు ఒక్కటి చాలదు. తొమ్మిది, అంతకు మించిన పళ్ళచక్రములు గల సైకిళ్ళ చైను సన్నమైనది. దాని పిన్నును ఒకసారి నెట్టిన పిదప మరల కొట్టి వాడుట క్షేమము కాదు. చేతితో కలుపదగిన జోడు లంకెను, తన చైనుకు సరిపడు దానిని, ఒకదానిని సంచిలో ఉంచుకొనవలెను. ఎత్తు రోడ్డున పెడలు మీద నిలిచి త్రొక్కునప్పుడు మరల చైను తెగినచో మోకాలు హ్యాండిలుకు తగులును, కొన్నిచో ముఖమే రోడ్డుకు తగులును.

ఇక కాడ పొడవు. చిన్నదిగా ఉండుటయే ఈ పనిముట్టు గుణము. అదియే దీని దోషము కూడ. బోల్టును త్రిప్పు బలము చేతి ఒత్తిడితో పాటు కాడ పొడవును బట్టి ఉండును. హ్యాండిలు మెడ మీది చిన్న బోల్టులకు సుమారు 5 న్యూటను మీటరుల బిగింపు చాలును. 8 సెంటీమీటరుల కాడ మీద అది ఆరు, ఆరున్నర కిలోల బరువు వేసినంత ఒత్తిడి. పిల్లలకు కూడ సాధ్యమే. పెడలుకు 35 న్యూటను మీటరుల బిగింపు కావలెను. అదే పొట్టి కాడతో దానిని సాధింపవలెనన్న సుమారు 45 కిలోల ఒత్తిడి కావలెను. 20 సెంటీమీటరుల కాడ గల పానాతో 18 కిలోలు చాలును. కనుక పెడలు, పెడలు కాడలు ఇంటివద్దనే పెద్ద పానాతో గట్టిగా బిగించి బయలుదేరవలసినవి. దారిలో జేబు సాధనముతో వానితో కుస్తీ పట్టరాదు. ఎడమ పెడలు మర విపరీత దిక్కున తిరుగునను సంగతి తెలియక దానిని విప్పబోయి మరింత బిగించినవారు ఎందరో.

పొట్టి కాడతో మరొక చిక్కు కలదు. మడత పనిముట్టు దేహము మందమైనది. హ్యాండిలు మెడ సందులోనికో, సీసా పంజరము లోపలికో దూర్చినప్పుడు ఆ దేహము కడ్డీలకు అడ్డు తగిలి, పూర్తి చుట్టు తిరుగదు. దీనిని కన్నుతో చూచి తెలిసికొనుట కష్టము. దుకాణమునకు సైకిలు మీదనే పోయి, కొనబోవు పనిముట్టును ఆ సందులలో దూర్చి త్రిప్పి చూడవలెను. పోనిమ్మని ఊరకొనువాడు మంచి అమ్మకందారు; చూడనీయనివాని వద్ద కొన నక్కరలేదు. కీల కొనలు పదునైన మూలలతో ఉన్నవా, గుంటలో వదులుగా ఆడుచున్నవా అని కూడ అప్పుడే తెలియును. వదులుగా ఆడు కీ బోల్టు గుంట మూలలను అరగదీయును. గుంట గుండ్రమైన పిదప దానిని మెకానిక్కు కూడ విప్పలేడు, కోయవలసినదే. చవుక పనిముట్టువలన నిజముగా కలుగు నష్టము ఇదియే. అది తాను చెడుట కాదు, సైకిలును చెరచుట. కీలు క్రోమ్ వెనేడియం ఉక్కుతో చేసినవైనచో మేలు. మడత కీలు వద్ద మర బిగువుగా ఉండవలెను, బిగించుకొనుటకు వీలుగా ఉండవలెను. కోస్తా గాలికి ఇనుము త్వరగా తుప్పుపట్టును. వాన తడిసిన దినమున తుడిచి, రెండు చుక్కల నూనె వేసిననే కొన్నాళ్ళు మన్నును.

పుల్లలను, అనగా స్పోకులను బిగించు గాడి కొన్ని పనిముట్లకు ఉండును. దాని కొలత తన సైకిలు స్పోకులకు పట్టిననే ఉపయోగము. అలవాటు లేనివారు దారిలో దానిని ముట్టకుండుట మంచిది.

ఇంత చెప్పినను, దారిలో అన్నిటికంటె తరచుగా సంభవించునది పంచరే. దానిని ఏ మడత పనిముట్టును బాగుచేయదు. రెండు టైరు మీటలు, నాలుగు అతుకులు, సొల్యూషను గొట్టము, గరుకు కాగితపు ముక్క, చేతిపంపు - ఇవి లేని పనిముట్టు అలంకారము మాత్రమే. సొల్యూషను గొట్టమును ఒకసారి విప్పిన పిదప అది తొందరలోనే ఎండిపోవును. ఆరు నెలల కొకమారు నొక్కి చూడవలెను. పంపు తన వాల్వునకు పట్టునదై ఉండవలెను. వాల్వులు మూడు రకములు: పాత సైకిలు వాల్వు, మోటారు బండి వాల్వు, సన్నని టైర్లకుండు సన్నని వాల్వు. పాత సైకిలు వాల్వులో ఒక చిన్న రబ్బరు గొట్టముండును. అది చీలినచో ట్యూబునకు చిల్లి లేకున్నను గాలి నిలువదు. వ్రేలెడు వాల్వు ట్యూబు ముక్కను సంచిలో ఉంచుకొనువారు సగము దూరము నడువవలసిన పని తప్పించుకొందురు.

కొనిన పనిముట్టును అట్టిపెట్టెలోనే దాచరాదు. కొనిననాడే ఇంటివద్ద, వెలుతురులో, సీటును ఒకసారి దించి ఎక్కింపవలెను. బ్రేకు తీగను ఒకసారి వదలి బిగింపవలెను. దీనిని ముఖ్యముగా ఆడపిల్లల చేత చేయించుట అవసరము. బడికి ఆరేడు కిలోమీటరులు త్రొక్కుకొని పోవునది వారు. సాధనము నేర్పునది మాత్రము అన్నదమ్ములకు. పన్నెండేండ్ల బాలిక 5 మిల్లీమీటరుల కీతో హ్యాండిలును సరిచేసికొనగలదని లెక్క పైన చూపబడినది. ఆమెకు కావలసినది బలము కాదు, ఒక సాయంకాలపు అలవాటు.

జేబులో పట్టనివి మిగిలినవి: గజమెత్తు గాలిపంపు, 15 మిల్లీమీటరుల పొడవు కాడ పానా, పెడలు కాడలు విప్పుటకు పెద్ద ఆలెన్ కీలు, ఒక నూనెబుడ్డి. ఇవి ఇంటింటికి ఒక్కొక్కటి కొనవలసినంత నిత్యావసరములు కావు. ఊరికి ఒక్క జత చాలును. సాయంకాలము పుస్తకము తిరిగి ఇచ్చుటకు సైకిలు మీద వచ్చు చందాదారులు గ్రంథాలయమునకు కొదువలేదు. వరండాలో గోడకు ఒక మేకు కొట్టి, ఈ నాలుగింటిని వ్రేలాడదీసి, తీసికొనిన వారి పేరును పుస్తకముల రిజిస్టరులోనే చివరి పుటలందు వ్రాయించినచో ఖర్చు ఒక అలమరా వెలకు మించదు.